కంట్లో వేసిన మందు గొంతులో చేదెందుకు?

హోస్ట్: అక్కా, మా అమ్మమ్మకి శుక్లం ఆపరేషన్ అయింది. కంట్లో చుక్కలు వేస్తే గొంతులో చేదుగా ఉందంటోంది, మాకేమో టెన్షన్.

సిస్టర్: భయం లేదులే. కంటి మూల, ముక్కు పక్కన, రెప్పల అంచున సూదిమొనంత రంధ్రాలు ఉంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. కన్నీళ్లు వాటిలోంచే ముక్కులోకి దిగుతాయి, ఏడిస్తే ముక్కు కారేది అందుకే. మందుదీ అదే దారి. చుక్క వేశాక కళ్లు మూయించి ఆ మూలని వేలితో ఒక రెండు నిమిషాలు మెల్లగా అదిమిపట్టు. ఆపరేషన్ అయిన కన్ను కదా, గుడ్డు మీద మాత్రం ఒత్తకూడదు.

హోస్ట్: చేదు తగలకుండానా?

సిస్టర్: చేదు చిన్న విషయం. నీటికాసులకి వాడే టిమోలాల్ లాంటి మందు ముక్కు లోపలి పొర నుంచి రక్తంలోకి పోయి గుండె వేగం తగ్గించగలదు, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం తెప్పించగలదు. అందుకే ఉబ్బసం ఉంటే కంటి డాక్టర్‌కి కూడా చెప్పి తీరాలి.

హోస్ట్: మేం ఎందుకైనా మంచిదని రెండేసి చుక్కలు వేస్తున్నాం.

సిస్టర్: కంట్లో ఒక్క చుక్కే పూర్తిగా పట్టదు, మిగతాదంతా చెంప మీదికే. కింది రెప్పని కిందికి లాగితే చిన్న సంచిలా వస్తుంది చూడు, అందులో వెయ్యి. రెండో మందుకి ఐదు నిమిషాలు ఆగు.

హోస్ట్: మరి చెవికి?

సిస్టర్: పెద్దవాళ్లకి చెవి డొప్పని పైకీ వెనక్కీ, మూడేళ్లలోపు పిల్లలకి కిందికీ వెనక్కీ లాగాలి, అప్పుడే లోపలి దారి తిన్నగా అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయితే కాసేపు గుప్పిట్లో పట్టుకో, చల్లటి మందు లోపలి బ్యాలెన్స్ నాళాల్ని కదిపేస్తే తల గిర్రున తిరుగుతుంది. ఇక నూనె సంగతి... మా వార్డుకి ఒక రెండేళ్ల బాబుని తెచ్చారు, చెవిలో చీము, పైన జిడ్డు. నొప్పని ఏడుస్తుంటే వాళ్లమ్మ వెచ్చటి నూనె పోసింది, ప్రేమతోనే. కానీ అప్పటికే కర్ణభేరికి చిల్లు పడింది, నూనె నేరుగా దాని వెనక ఉన్న మధ్యచెవిలోకి దిగింది. పిల్లల్లో గొంతు నుంచి మధ్యచెవికి వెళ్లే గొట్టం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, జలుబు చేస్తే దాని గుండానే మధ్యచెవిలో చీము పడుతుంది. అక్కడికి నూనె ఏం చేస్తుంది చెప్పు? చెవి కారుతుంటే ఏదీ పోయొద్దు, ముందు డాక్టర్‌కి చూపించండి.

హోస్ట్: ఇవాళ రాత్రి అమ్మమ్మకి చుక్కలు నేనే వేస్తానక్కా.

సిస్టర్: ముందు చేతులు సబ్బుతో కడుక్కో, సీసా మొన రెప్పకి తగలనీయకు. సీసా ఏ రోజు తెరిచారో దాని మీద రాసిపెట్టు, చాలా కంటి మందులు తెరిచాక 28 రోజులకే పారెయ్యాలి.