హేబెలు మందలో మేకలు ఉండేవా?

వ్యాఖ్యాత: లైనులో ఉన్నవారు చెప్పండి. మీ ప్రశ్న ఏమిటి?

శ్రోత: నమస్కారమండీ. ప్రకాశం జిల్లా నుంచి మాట్లాడుతున్నాను. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠం చెబుతాను. బైబిల్లో ఆదికాండం 4వ అధ్యాయంలో ఆదాము కొడుకు హేబెలు గొర్రెల కాపరి అని ఉంది కదా! బొమ్మ గీయమంటే ఒక బాబు గొర్రెల మధ్య నల్ల మేకపోతును కూడా గీశాడు. మిగతా పిల్లలు తప్పంటూ ఒకటే గోల. ఏం చెప్పమంటారు?

హీబ్రూ అధ్యాపకుడు: ఆ మేకపోతును అలాగే ఉండనివ్వండమ్మా. మూల భాష హీబ్రూలో అక్కడున్న మాట 'త్సోన్'. గొర్రెలూ మేకలూ కలిసిన మంద అది. ఆవులు, ఎద్దులు ఇందులోకి రావు, వాటికి 'బాకార్' అనే మాట వేరే ఉంది. మీ ఊళ్లో కాపరులు ఈ రెంటినీ కలిపి ఏమంటారు?

శ్రోత: జీవాలు అంటారండీ.

అధ్యాపకుడు: అదీ! పిల్లలకు ఆ మాటే చెప్పండి, ఇట్టే పట్టుకుంటారు. 27వ అధ్యాయం కూడా తీసి చూపించండి. రిబ్కా తన కొడుకు యాకోబుతో మందకు వెళ్లి రెండు మంచి మేకపిల్లలను తెమ్మంటుంది. ఆ మందా త్సోనే. మేకలు లేని మందలోంచి మేకపిల్లలు ఎలా వస్తాయి?

శ్రోత: మరి ఎక్కడ త్సోన్ కనిపించినా మేకలు ఉన్నట్టేనా?

అధ్యాపకుడు: అలా కాదమ్మా, పక్క మాటలు చూడాలి. మొదటి సమూయేలు 25వ అధ్యాయంలో నాబాలు అనే ధనవంతుడి ఆస్తి లెక్క ఉంది: త్సోన్ 3,000, మేకలు 1,000. మేకలను విడిగా లెక్కించారు కాబట్టి అక్కడ త్సోన్ అంటే గొర్రెలే. మందలోంచి ఒక్కదాన్ని చెప్పాలంటే 'సె' అంటారు. అది గొర్రె అయినా కావచ్చు, మేక అయినా కావచ్చు. అందుకే ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో గొర్రెల సె, మేకల సె అని విడమరిచి రాశారు.

శ్రోత: అయితే మన బైబిల్లో 'గొర్రెల కాపరి' అన్నది సరిదిద్దాలా అండీ?

అధ్యాపకుడు: అక్కర్లేదు. గొర్రెల కాపరి వెంట మేకలు ఉండటం మన పల్లెల్లోనూ ఉన్నదే. చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టే చదివించండి. ఆ బాబు బొమ్మను మాత్రం గోడకు అంటించండమ్మా.

శ్రోత: తప్పకుండా అంటిస్తానండీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తర్వాతి ఫోను తీసుకుందాం.