బండి ఎప్పుడు వేడెక్కుతోంది? పాత కార్ల కూలింగ్ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. ముందు ఈ స్టవ్ వెలిగిస్తున్నా. గిన్నెలో నీళ్లున్నాయి, దారం కట్టి మూడు థర్మోస్టాట్లు అందులోకి వేలాడదీశా, ఇంజిన్ నీళ్లు తగినంత వేడెక్కాక తెరుచుకుని రేడియేటర్‌కి దారిచ్చే వాల్వులవి, పక్కన థర్మామీటర్ ఉంది. అవి గిన్నె అడుగుకి తగలకూడదు, తగిలితే నీళ్ల వేడి కాకుండా గిన్నె వేడికి తెరుచుకుంటాయి, అందుకే ఈ దారం. నీళ్లు కాగేలోపు నేను మాట్లాడతా, మధ్యలో ఎవరైనా థర్మామీటర్ మీద ఓ కన్నేసి ఉంచండి.

పాత కారున్న వాళ్లు నాకు ఫోన్ చేస్తే మొదట అడిగేది ఏంటంటే, అన్నా బండి హీటవుతోంది ఏం మార్చమంటావ్ అని. నేను తిరిగి అడిగేది ఒకటే, ఎప్పుడు హీటవుతోంది? ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడా, హైవే మీద స్పీడుగా పోతున్నప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా, ఆపేశాకా? చాలామంది అన్ని టైముల్లోనూ అంటారు, కానీ రెండు రోజులు కాగితం మీద రాసుకోమంటే అప్పుడు తెలుస్తుంది అది అన్ని టైముల్లోనూ కాదని. ఈ ప్రశ్న అడక్కుండా నా మొదటి బండి మీద నేను రెండేళ్లు పోగొట్టుకున్నా, ఆ కథ కాసేపాగి చెప్తా.

అసలు పని ఎంత పెద్దదో ముందు చూడండి. పెట్రోల్ మండితే వచ్చే శక్తిలో మూడో వంతు కన్నా తక్కువే చక్రాలు తిప్పడానికి పనికొస్తుంది, ఇంచుమించు ఇంకో మూడో వంతు సైలెన్సర్‌లోంచి పోతుంది, దాదాపు అంతే వేడిని నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలికి ఇచ్చెయ్యాలి. ఆ మోతలో నాలుగు చేతులు మారతాయి, ఇనుము నుంచి నీళ్లకి, నీళ్ల నుంచి రేడియేటర్ ట్యూబుకి, ట్యూబు నుంచి దానికి అతికిన పల్చటి రేకు, అంటే ఫిన్నుకి, ఫిన్ను నుంచి గాలికి. ఎక్కడ చెయ్యి జారినా గేజ్ మాత్రం ఒకేలా పైకి పోతుంది, అదే చిక్కు.

ఫోర్డ్ మోడల్ టీ 1908లో వచ్చింది, మొదట చేసిన కొన్ని బళ్లకి వాటర్ పంప్ ఉండేది, తర్వాత దాన్ని తీసేశారు. వేడెక్కిన నీళ్లు తేలికై పైకి పోతాయి, రేడియేటర్‌లో చల్లారి బరువై కిందికి దిగుతాయి, అంతే, అలాగే తిరుగుతూ ఉండేవి. అలాంటి బండిలో నీళ్ల మట్టం పై పైపు కన్నా కిందికి దిగితే ఆ తిరగడమే ఆగిపోతుంది. 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8లో అయితే పొగ పోయే ఎగ్జాస్ట్ దారులే ఇంజిన్ బ్లాక్ లోపల్నుంచి, నీళ్ల మధ్యలోంచి పోతాయి, అంటే ఆ నీళ్లకి అదనంగా ఎగ్జాస్ట్ వేడి కూడా మొయ్యాల్సిన పని. 1970లో వచ్చిన ట్రయంఫ్ స్టాగ్‌లో వాటర్ పంప్ ఇంజిన్ పైన ఎత్తులో ఉంటుంది, కాబట్టి నీళ్లు కాస్త తగ్గినా ముందు ఎండిపోయేది పంపే. ఎందుకు చెప్తున్నానంటే మీ బండి పుట్టుకతో తెచ్చుకున్న బలహీనత ఏంటో మీకు తెలిసుండాలి, పక్కవాడి బండికి పనిచేసిన మందు మీ బండికి పనిచేస్తుందని గ్యారంటీ లేదు.

ఇప్పుడు ఆ ఎప్పుడు అనే దాంట్లోకి వద్దాం. నిలబడ్డప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు మాత్రమే వేడెక్కి, స్పీడు అందుకోగానే గేజ్ దిగితే అది ఎక్కువగా గాలి సమస్య. ఫ్యాన్ గాలి చాలట్లేదు, బెల్ట్ జారుతోంది, లేదా ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్‌ని ఎవరో ఎప్పుడో తీసి పారేశారు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ లోంచి గాలి లాగడం మానేసి చుట్టుపక్కల గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. బెల్ట్ అయితే రెండు పుల్లీల మధ్య వేలితో నొక్కితే సుమారు 12 మిల్లీమీటర్లు దిగాలి, దాని గురించి అంతకన్నా చెప్పడానికేం లేదు.

స్పీడు మీద వేడెక్కితే మాత్రం అది ఎక్కువగా నీళ్ల వైపు సమస్య. రేడియేటర్ ట్యూబులు మూసుకుపోయుండొచ్చు. కింది హోస్ లోపలికి నొక్కుకుపోతుండొచ్చు, ఎందుకంటే అది పంపు పీల్చే వైపు ఉంటుంది, ఆర్‌పీఎం పెరిగినప్పుడు మెత్తబడ్డ హోస్ బుగ్గలు లాగేసినట్టు అతుక్కుపోతుంది, బండి ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. అందుకే కొన్ని హోసుల్లో లోపల స్ప్రింగ్ పెడతారు, దాన్ని తీసేసి కొత్త హోస్ వేసినవాళ్లని చూశాను. ఇంకొకటి, అసలు కూలింగ్‌లో ఏ తప్పూ లేకుండా ఇగ్నిషన్ టైమింగ్ రిటార్డ్ అయ్యుంటే, అంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంటే, లేదా మిక్స్చర్ లీన్‌గా, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా ఉంటే కూడా వేడెక్కుతుంది. రేడియేటర్ మీద చెయ్యి వేసేముందు టైమింగ్ లైట్ పెట్టి చూడండి, పావుగంట పని.

రేడియేటర్‌లో అందరికీ తట్టని జబ్బు ఇంకోటుంది. లోపల శుభ్రంగా ఉంటుంది, నీళ్లు బాగానే పారతాయి, కానీ పాత రాగి ఇత్తడి కోర్‌లో, అంటే ట్యూబులూ ఫిన్నులూ ఉండే రేడియేటర్ మధ్య భాగంలో, ఫిన్నుకీ ట్యూబుకీ మధ్య అతుకు తినేసి ఉంటుంది. బయటికి లీకు లేదు, మూసుకుపోలేదు, అయినా వేడి ఫిన్నుకి చేరదు. వేలితో మెల్లిగా తడితే ఫిన్నులు కదుల్తాయి, పచ్చటి పొడి రాలుతుంది. దాన్ని ఎంత ఫ్లష్ చేసినా దండగ, కోర్ మార్చాల్సిందే.

ఇప్పుడు నా కథ. నా మొదటి బండి హైవే మీద ఓ అరగంట పోగానే గేజ్ ఎక్కేది. కొత్త కోర్ వేయించా, తగ్గలేదు. పెద్ద ఫ్యాన్ వేయించా, తగ్గలేదు. ఎవరో థర్మోస్టాట్ పీకెయ్ అన్నారు, పీకేశా, ఇంకా ఎక్కువైంది. చివరికి ఒకరోజు హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్యనుండే సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయింది, ఇంజిన్ విప్పి బ్లాక్ పక్క రంధ్రాలకి బిగించిన మూతలు, అవే కోర్ ప్లగ్గులు, తీస్తే ఆఖరి సిలిండర్ చుట్టూ నీళ్లు ఉండాల్సిన చోట సగం ఎత్తు దాకా మడ్డి, గట్టిగా, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గానీ ఊడనంత గట్టిగా. తుప్పు, సున్నపు పొర, బ్లాక్ పోతపోసినప్పుడు మిగిలిన ఇసుక అంతా కలిసి. ముందునుంచి వచ్చే నీళ్లు ఆ మూలకి చేరేసరికి నెమ్మదిస్తాయి కాబట్టి మోసుకొచ్చినదంతా అక్కడే దిగిపోతుంది. బాధేంటంటే నాకు ముందే తెలియాల్సింది. బ్లాక్‌కి పక్కన డ్రెయిన్ ట్యాప్ ఉంటుంది, అది తిప్పితే ఒక్క చుక్క రాలేదు, ట్యాప్ పాడైందేమోలే అనుకుని వదిలేశా. అది ట్యాప్ కాదు, మడ్డి. అప్పట్నుంచి ఏ పాత బండి నా దగ్గరికొచ్చినా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదట చేసేది ఆ ట్యాప్ విప్పి తీగతో పొడవడం. నీళ్లు ధారగా రాకపోతే రేడియేటర్ సంగతి తర్వాత, ముందు బ్లాక్ కడగాలి. కోర్ ప్లగ్గులు తీసి, మామూలుగా నీళ్లు పోయే దిశకి ఎదురుగా హోస్ పెట్టి, తేటగా వచ్చేదాకా. రేడియేటర్‌ని కూడా అలాగే, విడిగా, కింది నుంచి పైకి. రెండూ కలిపి ఒకేసారి కడిగితే బ్లాక్‌లో మడ్డి వెళ్లి కొత్త కోర్‌లో కూర్చుంటుంది. లీకులు ఆపే పొడి మాత్రం పొయ్యకండి, నాకది అస్సలు ఇష్టం లేదు, అది లీకు ఏదో సన్నటి ట్యూబు ఏదో చూసి మూయదు.

థర్మోస్టాట్ పీకితే ఎందుకు ఎక్కువైందంటారా, నాకు తర్వాత అర్థమైంది. కొన్ని పాత ఇంజిన్లలో ఓ బైపాస్ దారి ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే తిరగడానికి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు దానికున్న చిన్న తొడుగు ఆ బైపాస్‌ని మూసేస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. తొడుగు లేని థర్మోస్టాట్ కొని వేసినా అదే గతి. ఈ మూడింట్లో ఒకదానికి తొడుగుంది, తర్వాత దగ్గరికొచ్చి చూడండి.

ఇక రేడియేటర్ మూత గురించి. చాలామంది దాన్ని మూత అనుకుంటారు, అది నిజానికి వాల్వ్, రెండు వాల్వులు. ఒకటి ప్రెషర్ ఆపడానికి, ఇంకోటి చల్లారేటప్పుడు గాలినో నీళ్లనో లోపలికి రానివ్వడానికి. పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత, ఒక్కో పీఎస్ఐకి మరిగే వేడి సుమారు ఒకటిన్నర డిగ్రీలు పైకి జరుగుతుంది, అంటే 7 పీఎస్ఐ మూతతో మామూలు నీళ్లు కూడా 110 దాటేదాకా మరగవు. అలాగని 4 పీఎస్ఐ కోసం చేసిన పాత రేడియేటర్‌కి 15 పీఎస్ఐ మూత బిగించకండి, అతుకులు విచ్చుకుంటాయి, లేదా కారు లోపలి హీటర్ కోర్ మీ కాళ్ల మీద పగుల్తుంది. ఇంకో చిన్న సంగతి, కొన్ని పాత రేడియేటర్ల మెడ లోతు ఎక్కువ, ఈ కాలపు పొట్టి మూత పెడితే చక్కగా బిగుస్తుంది గానీ లోపల సీటు మీద ఆనదు, ప్రెషర్ అస్సలు నిలవదు. పొంగిన నీళ్లని పట్టి ఉంచే రికవరీ బాటిల్ లేని బళ్లలో అంచు దాకా నింపితే వేడెక్కి వ్యాకోచించి కొంత కక్కేస్తుంది, అది లీకు కాదు, తన మట్టం తను వెతుక్కుంటోంది, ట్యూబులు మునిగి ఉంటే చాలు.

రేడియేటర్‌లో పోసే కూలంట్ విషయంలో నేను పాతకాలం మనిషినే. పాత బళ్లకి సిలికేట్ ఉన్న పాత రకం ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్, సగం సగం, రెండేళ్లకోసారి మార్చడం. ఆర్గానిక్ యాసిడ్ రకాలు కొత్త ఇంజిన్లకి బాగుంటాయి, కానీ రెండు రకాలూ కలపొద్దు, జిగురులా తయారయ్యే ప్రమాదముంది, రంగు చూసి రకం చెప్పలేం. వేడి మోయడంలో మామూలు నీళ్లే మేలు, అది నిజం, కానీ తుప్పు ఆపే మందు లేకుండా నీళ్లొక్కటే పోస్తే నేను చెప్పిన మడ్డి అక్కడే మొదలవుతుంది. తీసిన కూలంట్‌ని నేల మీద పారబోయకండి, అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. ట్రేలో పట్టి మూతున్న డబ్బాలో పెట్టండి.

గేజ్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. గేజ్‌లకి కరెంటు వోల్టేజ్ నిలకడగా ఇచ్చే స్టెబిలైజర్ ఉన్న ఎలక్ట్రిక్ గేజ్‌లో టెంపరేచర్‌తోపాటు పెట్రోల్ ముల్లు కూడా పైకి పోతుంటే ఇంజిన్ కాదు, స్టెబిలైజర్ పాడైంది. దీనికి తలకిందులుది ఇంకా ప్రమాదం, నీళ్లన్నీ పోతే సెన్సర్ గాలిలో ఉండి ముల్లు కిందికి దిగుతుంది, డ్రైవర్ హమ్మయ్య తగ్గింది అనుకుంటాడు, ఇంజిన్ పోతుంది. ముల్లు ఉన్నట్టుండి పడిపోతే వెంటనే ఆపెయ్యండి. ఆపాక మూత ముట్టుకోకండి, చెయ్యి పెట్టి పైపు పట్టుకోగలిగేంత చల్లారేదాకా, అది అరగంటైనా గంటైనా సరే. మరిగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగుల్తుంది. ఇంకా రోడ్డు మీదే ఉండి నీళ్లు ఉన్నాయని తెలిస్తే హీటర్ ఫుల్‌గా పెట్టండి, చెమటలు పడతాయి గానీ అది రెండో చిన్న రేడియేటర్.

థర్మామీటర్ చూస్తున్నదెవరు? ఎంత, 79 ఆ? అయితే దగ్గరికి రండి అందరూ. ఎడమ పక్కది 82 దగ్గర తెరుచుకోవాలి, మధ్యలోది 88, కుడి పక్కది నా బండిలోంచి పీకింది, దాని మీద నంబర్ చెరిగిపోయింది, అదెక్కడ తెరుచుకుంటుందో చూద్దాం.