పటాన్ని చెవికి చూపించడం

అందరికీ నమస్కారం.

బొమ్మ కనపడని పాడ్‌కాస్ట్‌లో బొమ్మ గురించి ఎలా చెప్పాలన్నది ఈ పూట విషయం. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ పటంతో మొదలుపెట్టండి. గుడ్డ మీద కథంతా గళ్లు గళ్లుగా గీసిన పొడవాటి చుట్ట అది, గొంతుతో కలిసి పుట్టిన బొమ్మ. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం వేలాడదీసి, కథ నడిచేకొద్దీ చుట్ట విప్పుతూ పాడతారు. పాట తీసేసి గోడకు తగిలిస్తే మిగిలేది సగమే.

ముందు కొలత చెప్పండి. వెడల్పు సుమారు 3 అడుగులు, అంటే ఇంటి గుమ్మమంత. పొడవు 60 అడుగుల దాకా ఉండొచ్చు. ఆరంతస్తుల మేడ మీంచి వదిలితే నేలకు తాకుతుంది. తర్వాత గుడ్డ. ఖాదీకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి 3 పూతలు వేస్తారు. ఒక పూత ఆరాకే ఇంకొకటి. పూత మందమైతే చుట్టినప్పుడు అడ్డంగా పగులుతుంది. అందుకే పాత పటం మీది పగుళ్లను వట్టి వయసుగా కొట్టిపారేయకండి; ఎన్ని ఊళ్లలో విప్పారో అవి చెబుతాయి.

వర్ణన పైనుంచి కిందికే సాగాలి, కథ నడిచేదీ అలాగే కదా. పుట్టుకతో చూపు లేనివారికి 'ఎరుపు' అంటే చాలదు, ఆ ఎరుపు చేసే పని చెప్పాలి. వెనకంతా ఒకే ఎరుపు కాబట్టి దూరం, దగ్గర ఉండవు. మనుషులంతా ముందుకొచ్చి నిలబడ్డట్టే ఉంటారు. దీన్ని 'పర్‌స్పెక్టివ్ తెలియని కళ' అనడం శుద్ధ తప్పు. గుంపులో చివర కూర్చున్నవాడికీ బొమ్మ ఆనాలంటే చదునైన రంగు, గట్టి గీతే కావాలి.

20 నిమిషాల భాగానికి నిమిషానికి 100 మాటల లెక్కన 2,000 మాటలు పడతాయి. అందులో నాలుగు గళ్లకు మించి వర్ణించకండి, వినేవాళ్లకు ఏది ఎక్కడుందో తప్పిపోతుంది. 'ఇక్కడ', 'ఇలా' అన్న మాటలు కొట్టేసి 'ఎడమ అంచున', 'పూల పట్టీ కింద' అని రాసుకోండి. వినపడనివారి కోసం పెట్టే రాతప్రతిలో పాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా రాయాలి, చాలామంది వదిలేసేది అదే.

రికార్డింగుకు ముందు, పటం చూడని ఒకరికి ప్రతి చదివి వినిపించి, విన్నది కాగితం మీద గీయమనండి. రాజును కింది గడిలో గీశారంటే తప్పు వాళ్లది కాదు, ఆ వాక్యం తిరగరాయండి.