మిల్లు కూత

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మా గల్లీవాళ్లకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గురించి మాట్లాడమని పిలిచారు. నేనేమో డబ్బా నిండా సైరన్లు తెచ్చాను. పుస్తకాల దగ్గరికి కూడా వస్తాను.

వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు సైరన్ కూత విన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, ఎత్తినవాళ్లందరికీ జుట్టు నెరిసింది! 1934లో మొదలై 2002లో మూతపడ్డ మిల్లు అది. మా ఇంట్లో గోడ గడియారానికి ఆ కూతతోనే టైం దిద్దేవాళ్లం. అమ్మ సద్ది గిన్నె మూత బిగించి "ఉరుకు బిడ్డా, కూసింది!" అనేది. బాపు గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. 2025 మే 7న హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు మోగితే, టీవీలో విని మా మనవరాలు భయపడింది. నాకేమో ఆకలయింది.

ఇదిగో, నేను చేసిన ఈ జానెడు సైరన్ బొమ్మ చూడండి. లోపలి చక్రానికి 8 కిటికీలు. సెకనుకు 60 చుట్లు తిరిగితే గాలి 480 సార్లు తెగుతుంది, అదే స్వరం. పెద్ద సైరన్‌కూ ఇదే లెక్క. బొమ్మ చిన్నదైనా స్వరం మారదు, బలమే తక్కువ. ఒక్క చిక్కొచ్చింది. చక్రం తేలిక కదా, స్విచ్ తీయగానే టక్కున ఆగిపోయేది. మిల్లు కూత అట్లా ఆగదు, మూలుగుతూ మూలుగుతూ దిగుతుంది. చివరికి చక్రానికి ఇనుప వాషర్లు బిగించాను. ఆ మూలుగు కోసం మూడు నెలలు పట్టింది. మా ఆవిడను అడగండి, చెబుతుంది.

పుస్తకాలు... వస్తున్నా సార్, రెండే నిమిషాలు.

పోయినేడు ఒక ఆఫీసు స్టోర్‌రూంలో చేత్తో తిప్పే పాత సైరన్ ఉందని తెలిసి పోయాను. దరఖాస్తు పెట్టమన్నారు, పెట్టాను. నెల తరవాత పోతే పాత సామానుతో కలిపి తూకానికి వేసేశామన్నారు. "ఎన్ని కిలోలు తూగిందండీ?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. దాని పిడి ఒక్కటి మూలన పడి ఉంటే ఇచ్చారు. ఇదే అది. చెయ్యి పట్టిన చోట ఎట్లా నున్నబడిందో ముట్టి చూడండి.

మూతపడ్డ రైసు మిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో ఇట్లాంటివి ఇంకా ఉంటాయి. కాంటా మీద పెట్టే ముందు నాకొక ఫోన్ కొట్టండి. రాత్రయినా సరే, ఆటో మాట్లాడుకుని వస్తా. దరఖాస్తు మాత్రం పెట్టను.

సార్, ఈ హాల్లో ప్లగ్ ఎక్కడుంది?