నలభై దాటాక బ్యాండ్‌లో చేరాలంటే ముందు రావాల్సింది ఇదే

[దృశ్యం: అకౌస్టిక్ గిటార్‌తో కెమెరాకి ఎదురుగా]

నమస్తే. "ముందు బాగా నేర్చుకుంటాను, తర్వాత ఏదైనా బ్యాండ్‌లో చేరతాను." నలభైల్లోనో యాభైల్లోనో గిటార్, కీబోర్డ్ మొదలుపెట్టిన వాళ్లు చాలామంది అనే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ బ్యాండ్‌లో వాయించడానికి అన్నిటికంటే ముందు కావాల్సిన విద్య ఒకటుంది. అది ఇంట్లో ఒంటరిగా ఎన్నేళ్లు సాధన చేసినా పూర్తిగా రాదు. ఏంటో చూపిస్తాను.

[దృశ్యం: రెండు చేతులూ దగ్గరగా]

నాలుగు కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులు, వాయిస్తున్నాను. జీ (G), డీ (D), ఈ మైనర్ (Em), సీ (C). ఒక్కో దానికి నాలుగు బీట్‌లు, అంటే లయలో నాలుగు దెబ్బలు. ఆ నాలుగూ కలిస్తే ఒక బార్. ఇప్పుడు ఈ మైనర్ దగ్గర కావాలనే వేలు తప్పు తీగ మీద పెడతాను.

[ధ్వని: తప్పు స్వరం. వాయించడం ఆగుతుంది. మళ్లీ జీ నుంచి మొదలవుతుంది]

ఇంట్లో ఇలాగే చేస్తాం కదా? ఆగుతాం, వేలు సరిచేసుకుంటాం, మళ్లీ మొదటికి వెళ్తాం. రోజూ ఇదే చేస్తుంటే చేతికి ఆగడమే అలవాటైపోతుంది. తప్పు దొర్లిందంటే చాలు, చెయ్యి దానంతట అదే నిలిచిపోతుంది.

బ్యాండ్‌లో లెక్క వేరు. పాట టెంపో, అంటే వేగం, నిమిషానికి 100 బీట్‌లు అనుకుందాం. ఒక్కో బీట్‌కి 0.6 సెకను, బార్ మొత్తానికి 2.4 సెకన్లు. ఆ కాస్త వ్యవధిలో మీరు వేలు సర్దుకునేసరికి మిగతా వాళ్లు సీకి వెళ్లిపోయారు. మీరు ఇప్పుడు వాయించే ఈ మైనర్ ఎంత చక్కగా పలికినా అది తప్పే, ఎందుకంటే పాట అక్కడ లేదు.

అందుకే బ్యాండ్‌లో తప్పు స్వరం పెద్ద విషయం కాదు. అది అర సెకనులో గాల్లో కలిసిపోతుంది. ఆగిపోవడమే అందరికీ తెలిసిపోతుంది. రావాల్సిన విద్య ఏమిటంటే, తప్పినా ఆగకుండా పాట ఎక్కడ నడుస్తోందో అక్కడికి వెళ్లి కలవడం.

[దృశ్యం: కుడి చేయి మాత్రమే]

దీనికి మొదటి మెట్టు కుడి చెయ్యి. చూడండి, ఎడమ చేతి వేళ్లు తీగల మీద ఊరికే ఆనించాను. నొక్కలేదు. కుడి చెయ్యి మాత్రం కిందికీ పైకీ ఊగుతూనే ఉంది.

[ధ్వని: చిక్, చిక్, చిక్, చిక్]

స్వరం లేదు, లయ మాత్రం ఉంది. దారి తప్పిన క్షణంలో చేయాల్సింది ఇదే. వినేవాళ్లకి ఇది గిటార్ వాయిద్యంలో ఒక భాగంలాగే వినిపిస్తుంది. ఈలోగా మీ చెవికి తీరిక దొరుకుతుంది. కీబోర్డ్ అయితే చేతులు పైకెత్తి, కాలితో బీట్ తడుతూ ఉండండి. కాలు ఆగకూడదు, అది ముఖ్యం.

ఇప్పుడు చెవి ఏం వినాలి? డ్రమ్స్ వినాలి.

[ధ్వని: డ్రమ్ ట్రాక్. స్క్రీన్ మీద 1 2 3 4 అంకెలు ఒక్కొక్కటే వెలుగుతాయి]

చాలా పాటల్లో ఒకటి, మూడు బీట్‌ల మీద కిక్ డ్రమ్, అంటే ఆ కింద ఉండే పెద్ద డ్రమ్ "ధమ్" అంటుంది. రెండు, నాలుగు మీద స్నేర్ అనే చిన్న డ్రమ్ "టక్" అంటుంది. ధమ్ టక్ ధమ్ టక్. నాలుగు బార్‌లకో ఎనిమిది బార్‌లకో ఒకసారి డ్రమ్మర్ చిన్న ఫిల్, అంటే మామూలు లయ మార్చి గబగబా కొన్ని దెబ్బలు, వాయిస్తాడు, వెంటనే సింబల్ మీద, అంటే ఆ లోహపు పళ్లెం మీద, పెద్ద దెబ్బ పడుతుంది. విన్నారా? సాధారణంగా ఆ దెబ్బ కొత్త భాగంలో ఒకటో బీట్. చరణం అయిపోయి పల్లవి మొదలయ్యేది దాదాపు అక్కడే. ఎంత అయోమయంలో ఉన్నా అక్కడ తిరిగి కలవొచ్చు. అంతవరకూ మూగ తీగలే వాయించండి, పర్వాలేదు.

ఈ విషయంలో మధ్యవయసు వాళ్లకి నిజంగా ఒక బలం ఉంది. ముప్పై, నలభై ఏళ్లుగా పాటలు వింటున్నారు. పల్లవి ఎప్పుడు తిరిగి వస్తుందో, చరణం ఎక్కడ ముగుస్తుందో చెవికి ముందే తెలుసు. వేళ్లు కొత్తవే గానీ చెవులు కొత్తవి కావు.

సరే, ఇంట్లో ఏం చేయాలి? ప్రాక్టీస్‌ని రెండుగా విడదీయండి. ఒకటి రిపేర్ పని: కష్టంగా ఉన్న ఒక్క మార్పుని, డీ నుంచి ఈ మైనర్‌కి అనుకోండి, మెట్రోనోమ్‌ని, అంటే టిక్ టిక్ అని బీట్ చెప్పే పరికరాన్ని, నిమిషానికి 60లో పెట్టి నిదానంగా పదే పదే వేయడం. ఇక్కడ ఎన్నిసార్లైనా ఆగొచ్చు. రెండోది పాట: ఒరిజినల్ రికార్డింగ్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా, ఏం జరిగినా ఆగకుండా. సగం కార్డ్‌లు జారిపోయినా సరే చివరి బీట్ దగ్గర అందరితో పాటు ముగించాలి. ఈ రెండోది చాలామంది చేయరు. నా ఉద్దేశంలో బ్యాండ్‌కి పనికొచ్చేది అదే.

[స్క్రీన్ మీద: 1991, రోచెస్టర్]

వాయించడం నేర్చుకోకముందే బృందంలో చేరడమా అని సందేహం ఉంటే ఒక ఉదాహరణ చెప్తాను. 1991లో అమెరికాలోని రోచెస్టర్‌లో, ఈస్ట్‌మన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్ ప్రొఫెసర్ రాయ్ ఎర్న్‌స్ట్ పెద్ద వయసు వాళ్ల కోసం న్యూ హొరైజన్స్ పేరుతో ఒక బ్యాండ్ మొదలుపెట్టారు. సంగీతం అసలు రాని వాళ్లు కూడా చేరొచ్చు. బృందంలో కూర్చునే నేర్చుకోవడం అక్కడి పద్ధతి. ఆ నమూనాతో తర్వాత ఇతర దేశాల్లోనూ బ్యాండ్‌లు వచ్చాయి. నాకు ఈ పద్ధతి ఎంతో నచ్చుతుంది. కలిసి వాయించడం అనేది కలిసి వాయిస్తేనే వస్తుందని వాళ్లు నమ్మి చేశారు.

ఏ వాయిద్యం అంటారా? వినడానికి మీకు ఏది ఇష్టమో అదే. తొందరగా కలవాలంటే మాత్రం కింది స్వరాలు పలికే బేస్ గిటార్ మంచిది. జీ కార్డ్‌కి ఒక్క జీ స్వరం బీట్ తప్పకుండా వాయిస్తే చాలు, పాట నిలబడుతుంది.

బ్యాండ్ ఎంచుకునేటప్పుడు లీడ్ గిటారిస్ట్ ఎంత వేగంగా వాయిస్తాడో చూడకండి. డ్రమ్మర్ టెంపో నిలకడగా ఉందా లేదా చూడండి. డ్రమ్స్ తడబడితే కొత్తవాళ్లు పట్టుకోవడానికి ఆధారమే ఉండదు. మీ స్థాయి ముందే చెప్పేయండి: "నాకు ఈ కార్డ్‌లు వచ్చు, బ్యారే కార్డ్‌లు, అంటే ఒకే వేలితో తీగలన్నీ నొక్కేవి, ఇంకా రావు." మొదటి రిహార్సల్‌కి మూడు పాటలు అడగండి, ప్రతి పాటకీ శ్రుతి అడగండి. ఇది మరిచిపోవద్దు. రికార్డింగ్ వేరే శ్రుతిలో (కీలో) ఉన్నా, పాడేవాళ్ల గొంతుకి తగ్గట్టు జీలో పెట్టుకుని ఉండొచ్చు. మీరు ఇంట్లో నేర్చుకున్నదంతా అక్కడ పనికిరాకుండా పోతుంది. దీనికి కాపో, అంటే గిటార్ మెడ మీద తీగలన్నిటినీ ఒకచోట నొక్కిపట్టే క్లిప్, సాయపడుతుంది: రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద రెండో గడి) మీద కాపో పెట్టి జీ ఆకారం పట్టుకుంటే "ఏ" (A) కార్డ్ పలుకుతుంది.

[దృశ్యం: మ్యూజిక్ స్టాండ్, దాని మీద కార్డ్‌ల కాగితం]

వయసుకి సంబంధించినవి రెండు చెప్పాలి. మొదటిది కళ్లు. చదువుకునే అద్దాలు మామూలుగా 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోతాయి. మ్యూజిక్ స్టాండ్ అంతకంటే దూరంగా, 60, 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి, టెన్షన్ వస్తుంది, వంగుతాం, మెడ పట్టేస్తుంది. చేతకావడం లేదేమో అనుకుంటాం గానీ చాలాసార్లు కారణం అద్దాలే. స్టాండ్ దూరం టేపుతో కొలిచి కళ్ల డాక్టర్‌కి చెప్పండి. అప్పటిదాకా కార్డ్‌ల పేర్లు పెద్ద అక్షరాల్లో రాసుకోండి.

రెండోది చెవులు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు అనేది అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ సిఫారసు చేసిన పరిమితి. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్, ఆంప్‌లు (శబ్దం పెంచే స్పీకర్ పెట్టెలు) కలిస్తే ఆ స్థాయికి చేరడం కష్టమేమీ కాదు. సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, స్వరాలు మసకబారకుండా శబ్దం మాత్రం తగ్గిస్తాయి. మొదటి రోజు నుంచే పెట్టుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక వాయిద్యం చేతిలోకి తీసుకోండి, ఇప్పుడే చేద్దాం. డ్రమ్ ట్రాక్ మీద అవే నాలుగు కార్డ్‌లు, టెంపో 72. స్క్రీన్ ఆకుపచ్చగా ఉన్నంతసేపూ నాతో వాయించండి. ఎర్రగా మారగానే వాయించడం ఆపి, కాలితో బీట్ మాత్రం తట్టండి. మళ్లీ ఆకుపచ్చ అయినప్పుడు కార్డ్ పేరు చూపించను. చెవితో పట్టుకుని, ఒకటో బీట్ మీద కలవండి. తప్పు కార్డ్‌తో కలిసినా ఆగొద్దు, తర్వాతి కార్డ్ సరిగ్గా వేయండి. జీతో మొదలు.

[ధ్వని: డ్రమ్ స్టిక్స్]

వన్, టూ, త్రీ, ఫోర్.