గట్టు చెక్కేస్తే చెట్టెక్కడ?

(పాలకొల్లులో డిగ్రీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారమండి. నన్ను పిలిచినవాళ్లు "ల్యాప్‌టాప్ స్క్రీన్ల గురించి ఓ అరగంట చెప్పండి" అన్నారు. నేను పంతుల్ని కాదు. ల్యాప్‌టాప్‌లు విప్పి బిగించి పొట్టపోసుకునేవాణ్ణి. అందుకని ఇది పాఠంలా ఉండదు, షాపులో బల్ల దగ్గర చెప్పుకునే కబుర్లలా ఉంటుంది. మీరే సర్దుకోవాలి.

ముందు పొలం సంగతి. గట్టు చెక్కడం అంటే ఇక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. దమ్ము చేసే రోజుల్లో పార తీసుకుని గట్టుని ఓ నాలుగు వేళ్ల మేర లోపలికి లాగేసుకుంటాడు రైతు. పక్క చేనువాడూ అటునుంచి అదే పని చేస్తాడు. కొన్నేళ్లు పోయేసరికి ఆ గట్టు మీద ఎరువు బస్తాతో నడిచేవాడు రెండు కాళ్లూ ఆనించలేడు. చేలో నాలుగు దుబ్బులు ఎక్కువ పడ్డాయి కదా, ఇద్దరికీ సంతోషమే. అయితే మన వైపు గట్ల మీద కొబ్బరిచెట్లు ఉంటాయి. గట్టు చెక్కుతూ పోతే చెట్టు సంగతేంటి?

ల్యాప్‌టాప్ మూత తెరిచి చూడండి. వెలిగేదంతా మడి. చుట్టూ ఉన్న నల్లంచు గట్టు, దాన్నే బెజెల్ అంటారు. పైగట్టు మీద మధ్యలో నిలబడ్డ చెట్టు కెమెరా. 1998లో సోనీ వాయో సీ1 అనే చిన్న ల్యాప్‌టాప్ వచ్చింది, స్క్రీన్ పైన అటూ ఇటూ తిప్పుకునే కెమెరాతో. అప్పట్లో గట్లు ఎద్దులబండి వెళ్లేంత ఉండేవి కాబట్టి చెట్టుకి చోటు కరువు లేదు. 2006లో యాపిల్ మ్యాక్‌బుక్ ప్రోలో కూడా కెమెరా పైనే కూర్చుంది. అప్పటిదాకా ఎవరికీ పేచీ లేదు.

పేచీ 2015లో మొదలైంది. డెల్ ఎక్స్‌పీఎస్ 13 వచ్చింది. స్క్రీన్ 13.3 అంగుళాలు, ఒళ్లు మాత్రం అప్పటి 11 అంగుళాల ల్యాప్‌టాప్ అంత. అంచు 5.2 మిల్లీమీటర్లు. చూసినవాళ్లకి కళ్లు చెదిరాయి, నాకూ చెదిరాయి. మరి కెమెరా ఏదయ్యా అంటే, స్క్రీన్ కింద ఎడమ మూలన ఉంది. పైగట్టు మీద చోటు లేక కిందకి దింపేశారు.

కింద చోటు ఎందుకుందని మీరు అడగాలి. అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. కిందగట్టు ఊరికే వెడల్పుగా ఉండదండి. మన కాలువలన్నిటికీ నీళ్లు ధవళేశ్వరం దగ్గర్నుంచే దిగినట్టు, స్క్రీన్‌లో నిలువు వరసలన్నిటికీ సంకేతాలు ఒక అంచునుంచే వెళతాయి. మామూలుగా అది కింది అంచు. ప్యానెల్‌ని నడిపే చిప్పులూ, సన్నటి సర్క్యూట్ బోర్డూ అక్కడే ఉంటాయి. మూత తిరిగే హింజిలూ అక్కడే. ఎంత ముచ్చటపడ్డా కిందగట్టుని పైదానంత చెక్కలేరు. పైగా ఆ రోజుల్లో స్క్రీన్లు 16కి 9 కొలతలో వచ్చేవి, అంటే సినిమాకి సరిపోయే వెడల్పు, పొట్టి ఎత్తు. కీబోర్డు, టచ్‌ప్యాడ్ పట్టాలంటే అడుగుభాగం కొంత లోతుండాలి, మూత కూడా అంతే ఉండాలి. మూతలో మిగిలిన ఖాళీ అంతా కింద నల్లగడ్డంగా తేలేది. ఆ గడ్డం మీద కెమెరా పెట్టారు. డిజైన్ చేసినవాడి లెక్క లెక్కగానే ఉంది.

తప్పింది ఎక్కడంటే, అవతల చూసేవాడి దగ్గర.

కెమెరా కీబోర్డుకి ఆనుకుని ఉంటే అవతలివాళ్లకి ముందు కనిపించేది గడ్డం, తర్వాత ముక్కు రంధ్రాలు, ఆ పైన సీలింగ్ ఫ్యాను. టైపు చేస్తే వేళ్లు బొండాల్లాగా అడ్డం వస్తాయి. ఇంగ్లిష్ విలేఖరులు దానికి ముక్కు కెమెరా అని పేరు కూడా పెట్టారు. డెల్ వాళ్లు 2018లో దాన్ని మూలనుంచి మధ్యకి జరిపారు. 2019లో 2.25 మిల్లీమీటర్ల కెమెరా తయారు చేయించి మళ్లీ పైగట్టు ఎక్కించారు. అంటే చెట్టుని పీకి, దాని బదులు గట్టుకి తగ్గ చిన్న మొక్క నాటారు. ఆ మొక్క సంగతికి మళ్లీ వస్తాను.

ఇక్కడ నాకు అర్థమైంది ఒకటుంది. ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మీరు స్క్రీన్ చూస్తారు. అంచు సన్నగా ఉంటే "అబ్బ, ఎంత బాగుందో" అంటారు. కెమెరా మీకు కనిపించదు. అది తీసిన బొమ్మ కువైట్‌లో ఉన్న మీ పిన్నికి కనిపిస్తుంది, హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసే మేనేజరుకి కనిపిస్తుంది. డబ్బులు కట్టేవాడొకడు, బాధపడేవాడు ఇంకొకడు. షాపులో బేరానికి వచ్చినవాడు మెచ్చుకునేది గట్టు సన్నదనాన్నే కాబట్టి, కంపెనీవాడు పార అటే వేస్తాడు. కొన్నాళ్లు మంచి మంచి ఖరీదైన ల్యాప్‌టాప్‌లలో కూడా 720పీ కెమెరాలే ఉండటానికి ఇదో కారణం అని నా అనుమానం. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 720పీ అంటే ఒక మెగాపిక్సెల్ కూడా కాదు, తొమ్మిది లక్షల ఇరవై వేల చిల్లర చుక్కలు. అదే రోజుల్లో ఫోన్ ముందు కెమెరా అయిదూ ఎనిమిదీ మెగాపిక్సెళ్లు ఉండేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక అందరికీ ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఆ సంవత్సరమే ఆసుస్ జెఫిరస్ జీ14 అని ఒక గేమింగ్ ల్యాప్‌టాప్ వచ్చింది, అసలు కెమెరాయే లేకుండా. చెట్టే వద్దనుకున్నారు. కాలం అలా కలిసొచ్చింది పాపం.

సరే, కెమెరా పైనే ఎందుకుండాలి? కింద ఉంటే ముక్కు కనిపిస్తుందన్నది ఒకటే కాదు కారణం. అసలు కారణం మన కళ్లలో ఉంది.

14 అంగుళాల స్క్రీన్, 16కి 10 కొలతది తీసుకోండి. దాని ఎత్తు 19 సెంటీమీటర్లకి ఓ పిసరు తక్కువ. మీ కళ్లకీ దానికీ మధ్య 55 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. అవతలివాళ్ల ముఖం స్క్రీన్ మధ్యలో ఉంటే మీ చూపు కెమెరాకి సుమారు 10 డిగ్రీలు కిందకి పోతుంది. అంటే మీరెప్పుడూ అవతలివాళ్ల కళ్లలోకి చూడటం లేదు. కెమెరా కింద ఉన్నా తేడా దాదాపు అంతే, కాకపోతే చూపు పైకి పోతుంది. లెక్కకి రెండూ ఒకటే కదా?

లెక్కకే ఒకటి. 2002లో స్టాన్‌ఫర్డ్‌లో మిల్టన్ చెన్ అనే పరిశోధకుడు దీని మీద ప్రయోగాలు చేశాడు. ఎదుటివాడు మన కళ్లకి పక్కగానో పైగానో చూస్తే మనం ఇట్టే పట్టేస్తామట. కొంచెం కిందకి చూస్తే మాత్రం పట్టుకోలేం, తేడా ఏకంగా పది రెట్లు. ఇంకో మాట కూడా తేల్చాడు. చూడటం లేదని ఖాయంగా తెలిస్తే తప్ప, ఎదుటివాడు మననే చూస్తున్నాడని అనుకోవడం మన స్వభావం. ఇది నాకు బాగా నచ్చింది. కాబట్టి కెమెరా పైన ఉండి చూపు కొంచెం కిందకి ఉంటే అవతలివాడు సర్దుకుపోతాడు. కెమెరా కింద ఉండి చూపు పైకి పోతే, మన తల మీద గోడగడియారం చూస్తున్నాడనుకుంటాడు.

మొన్న మా షాపుకొచ్చిన ఒకాయన, నరసాపురం దగ్గర్నుంచి, గొడవ చెప్పుకున్నాడు. వీడియో కాల్‌లో పెళ్లిచూపులు. అమ్మాయి తరఫువాళ్లు అంతా అయ్యాక అన్నారట, "అబ్బాయి మంచోడేనండి, కానీ తలెత్తి ఒక్కసారి మా పిల్లకేసి చూడలేదు" అని. కుర్రాడు గంటసేపు చూస్తూనే ఉన్నాడు పాపం, స్క్రీన్‌లో కింద మూలన ఉన్న చిన్న కిటికీలో. నేను చేసిన రిపేరు ఏమీ లేదు. ఆ కిటికీని పట్టుకుని లాగి పైన కెమెరా కింద పెట్టాను. కళ్లు కెమెరాకి నాలుగు సెంటీమీటర్ల దిగువకి వచ్చాయి, అంటే కోణం నాలుగు డిగ్రీల చిల్లరకి పడిపోయింది. డబ్బులు తీసుకోలేదు. సంబంధం కుదిరిందో లేదో ఆయన మళ్లీ రాలేదు.

ఇక చెట్టుకి చోటు వెతకడంలో మిగతావాళ్ల తెలివితేటలు చూద్దాం. హువావే వాళ్లు 2018లో మేట్‌బుక్ ఎక్స్ ప్రోలో కెమెరాని కీబోర్డులో దాచారు, ఎఫ్6కీ ఎఫ్7కీ మధ్య. నొక్కితే పైకి లేస్తుంది, మూస్తే ఎవరూ మనల్ని చూడలేరు. ఆ భాగం బాగుంది, కానీ కోణం ముక్కుకి ఇంకా దగ్గర. లెనోవో వాళ్లు కెమెరా ఉన్నచోట మాత్రం మూత అంచుని బయటికి ఉబ్బించారు. 2022లో వచ్చిన థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ చూడండి. చెట్టు చుట్టూ గట్టుని చిన్న దిబ్బలా వదిలేసినట్టు. చూడ్డానికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, మూత తెరవడానికి వేలు పెట్టుకునే చోటు కూడా అదే. నా ఓటు దీనికే.

యాపిల్ వాళ్లు 2021లో చేసింది అందరికీ తెలుసు, చెట్టుని మడిలోకే రానిచ్చారు. పైన మధ్యలో నల్లటి గాటు. దాని మీద చాలామంది వెటకారం చేశారు, నేనూ చేశాను. తర్వాత లెక్క చూస్తే నవ్వు తగ్గింది. 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో స్క్రీన్ 3024కి 1964 చుక్కలు. 16కి 10 లెక్కన ఎత్తు 1890 చాలు. మిగిలిన 74 వరసలు గాటుకి అటూ ఇటూ ఉన్న చెవులు. మెనూ పట్టీ ఆ చెవుల్లోకి ఎక్కేసింది. అంటే మన మడి తగ్గలేదు, గట్టు మీద ఖాళీగా ఉన్నచోట నాలుగు కందిమొక్కలు వేసుకున్నారు. కెమెరా కూడా 1080పీ అయింది. గాటు ఫోన్లలో ఉంటే ముఖం గుర్తుపట్టే సరంజామా ఉంటుంది, ఇందులో అది లేదు. అదొక్కటే నాకు అసంతృప్తి.

చెట్టుని మడి కిందే పాతిపెట్టేవాళ్లు కూడా వచ్చారు. 2025లో లెనోవో యోగా స్లిమ్ 9ఐ, స్క్రీన్ వెనకాల కెమెరా. వెలుతురు స్క్రీన్ చుక్కల సందుల్లోంచి దూరి రావాలి, దోమతెరలోంచి చూసినట్టు. మసకని సాఫ్ట్‌వేర్‌తో కడుగుతారు. కడిగిన ముఖం ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇప్పుడు ఆ చిన్న మొక్క సంగతి. "ఫోన్లో ముఖం ఇంత బాగా వస్తుంది, ఇంత డబ్బు పోసి కొన్న ల్యాప్‌టాప్‌లో బూజు పట్టినట్టు వస్తుందేంటండి" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు గట్టు వెడల్పులో సగమే ఉంది, మిగతా సగం మూత మందంలో ఉంది. ఫోన్ మందం ఎనిమిది మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, కెమెరా దగ్గర ఇంకాస్త ఉబ్బు. పల్చటి ల్యాప్‌టాప్ మూత అందులో సగం ఉంటే ఎక్కువ. లెన్సుకీ దాని వెనకున్న సెన్సారుకీ మధ్య కొంత దూరం ఉండి తీరాలి. దూరం తగ్గించాలంటే సెన్సారుని చిన్నది చేయాలి. చిన్న సెన్సారు మీద పడే వెలుతురు తక్కువ. వాన కురిసేటప్పుడు బకెట్ బదులు గ్లాసు పెట్టినట్టు. పగలు పరవాలేదు, రాత్రి ఒక్క ట్యూబ్‌లైటు కింద గ్లాసు నిండదు. అప్పుడు యంత్రం సంకేతాన్ని పెంచుతుంది, దాంతోపాటు రొద కూడా పెరుగుతుంది. ఆ చుక్కలూ బూజూ అదే.

అందుకే మెగాపిక్సెళ్ల అంకె చూసి మోసపోకండి. దీపం ముఖానికి ఎదురుగా పెట్టుకోండి. మనవాళ్లు వెలుతురు బాగుంటుందని కాలువ గట్టుకేసి ఉన్న వరండాకి వీపు పెట్టి కూర్చుంటారు. కెమెరా ఆ వెనక వెలుగుకి సర్దుకుంటుంది, ముఖం నల్లబడుతుంది. కుర్చీ అటు తిప్పితే చాలు. ల్యాప్‌టాప్‌ని మంచం మీద ఒళ్లో పెట్టుకుంటే పైనున్న కెమెరా కూడా ముక్కు కెమెరా అయిపోతుంది, కాబట్టి కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టండి. చదవకపోయినా పనికొస్తాయి.

పోయేముందు స్టిక్కర్ల గురించి. ఎవరో దొంగచాటుగా చూస్తారని కెమెరా మీద ఏదో ఒకటి అంటించడం మంచిదే. 2016లో మార్క్ జుకర్‌బర్గ్ ల్యాప్‌టాప్ మీద టేపు కనిపించి ప్రపంచమంతా చర్చించుకుంది. కానీ ప్లాస్టిక్ జరుపుడు మూతలు అమ్ముతారు చూడండి, వాటితో జాగ్రత్త. గట్టు సన్నబడ్డాక మూతకీ అడుగుకీ మధ్య సందు కూడా సన్నబడింది. మూసినప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్క గాజుని పొడుస్తుంది. 2020లో యాపిల్ అయితే కెమెరా మీద మూతతో ల్యాప్‌టాప్ మూయొద్దని రాసి మరీ పెట్టింది. నా దగ్గరికి ఇలా పగిలొచ్చిన స్క్రీన్లు చాలానే ఉన్నాయి. పగులు సరిగ్గా కెమెరా కిందనుంచి మొదలై మెట్టతామర ఆకు ఈనెల్లా విచ్చుకుంటుంది. పల్చటి కాగితం టేపు చాలు. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో 2018 నుంచి లోపలే చిన్న తలుపు ఇస్తున్నారు, అది ఇంకా మేలు.

ఈ సంచీలో అలా పగిలిన మూత ఒకటి తెచ్చాను, విప్పేసి ఉంది. పైన గోరంత వెడల్పు పట్టీ కనిపిస్తుంది చూడండి, అదే కెమెరా బోర్డు. దాన్నుంచి వచ్చే వైరు హింజిలోంచి దూరి కిందకి వెళుతుంది, మూత తీసి మూసినప్పుడల్లా నలిగేది అదే. లోపల అది మామూలు యూఎస్‌బీయే, మీ పెన్‌డ్రైవ్ మాట్లాడే భాషే. ఒక్కొక్కరూ వచ్చి చూడండి. గాజు వైపు చెయ్యి పెట్టకండి, గుచ్చుకుంటుంది. స్క్రూలు ఆ అగ్గిపెట్టెలో పదకొండు ఉన్నాయి, వెళ్లేటప్పుడు లెక్కపెట్టుకుంటాను.