ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, అందులో ఐదు నన్ను పరిచయం చెయ్యడానికే వాడేశారు. కాబట్టి వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకటే దండం.

నాకిచ్చిన అంశం ‘రిటైరయ్యాక ఎక్కడుండాలి’. ఈ అమెరికా లెక్కలో 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్ళు బేబీ బూమర్లు. మనం తెనాలిలోనో వరంగల్‌లోనో పుట్టినా వయసుకి ఆ కోవలోకే వస్తాం. 1965 వలస చట్టం తలుపు తీశాక డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చారు, వాళ్ళ వెనక సూట్‌కేసులో పచ్చడి జాడీలతో నాలాంటి వాళ్ళం దిగాం. అయితే ఇక్కడివాళ్ళు తమ పెద్దల ముసలితనం దగ్గరుండి చూశారు. అరిజోనాలో రిటైరైనవాళ్ళ కోసమే కట్టిన సన్ సిటీ 1960లో తెరిచినప్పుడు గోల్ఫ్ కర్రలు పట్టుకుని వెళ్ళినవాళ్ళు వీళ్ళకి ముందు తరంవాళ్ళే. మనం మనవాళ్ళ ముసలితనం ఫోన్లో విన్నాం. అత్తగారు మంచాన పడితే తోడికోడలు చేసింది, మనం డబ్బు పంపాం. ముసలితనం ఇంట్లో ఎలా గడుస్తుందో మనకి అనుభవం లేదు. అందుకే ఎవర్నడిగినా ‘ఈ ఇల్లొదిలి ఎక్కడికి పోతామండీ’ అంటారు. పడగ్గదులేమో మేడమీద, బట్టలుతికే మిషనేమో బేస్‌మెంట్‌లో!

మన న్యూజెర్సీ మన్రో టౌన్‌షిప్ గురించి, ఫ్లోరిడా గురించి చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. చాలామంది విన్నదే, మళ్ళీ వినండి.

మావారు బియ్యం బస్తా కోసం బేస్‌మెంట్‌కి దిగారు. ఇరవై పౌన్ల సోనా మసూరి భుజాన వేసుకుని ఎక్కుతూ జారారు. కటి ఎముకలో సన్నటి పగులు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. హాస్పిటల్లో మూడు రాత్రులు ఉంచారు. చేతికి పట్టీ, వెనక ముడేసుకునే గౌను, పూటపూటకీ ఉప్పులేని సూపు, అన్నీ ఉన్నాయి. నాలుగోరోజు రిహాబ్‌కి, అంటే మళ్ళీ నడిపించే నర్సింగ్ ఫెసిలిటీకి, పంపాలన్నారు. అప్పుడొచ్చింది సోషల్ వర్కర్, నవ్వుతూనే చెప్పింది: ‘ఆయన్ని అడ్మిట్ చెయ్యలేదండీ, అబ్జర్వేషన్‌లో ఉంచాం.’

మంచం అదే, డాక్టరూ అదే, కానీ కాగితం మీద ఆయన అవుట్‌పేషెంట్! మెడికేర్ అంటే అరవై ఐదు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా. మామూలు మెడికేర్‌లో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే నర్సింగ్ ఫెసిలిటీ ఖర్చు పెట్టుకుంటారు. మొదటి 20 రోజులు పూర్తిగా, ఆ తర్వాత 100వ రోజు దాకా మన వాటా పోను. అబ్జర్వేషన్ రోజులు ఆ లెక్కలోకి రావు. 24 గంటలు దాటితే నోటీసిచ్చి, నోటితో కూడా వివరించాలని రూలుంది. నోటీసిచ్చారు, కాదనను. నొప్పి మందు మత్తులో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించుకున్నారు. మా అల్లుడు ఫోన్‌లో గట్టిగా నిలదీస్తే ఇంకో మేనేజర్ వచ్చి, ఇంకాస్త మర్యాదగా అదే మాట చెప్పాడు. రిహాబ్ బిల్లు మొత్తం మా నెత్తినే పడింది.

వెనక వరసలో షుగర్ లెక్కలు చెప్పుకుంటున్న అన్నయ్యగారూ, ఇది మీకే. ఎవరు హాస్పిటల్‌కి వెళ్ళినా మొదటిరోజే అడగండి. ఏమని? ‘ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?’ గట్టిగా అనండి, అందరూ! అబ్జర్వేషన్ అంటే, ఎందుకని మీ డాక్టర్ చేత అడిగించండి. మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకున్న అడ్వాంటేజ్ ప్లాన్ వాళ్ళు నవ్వక్కర్లేదు. చాలా ప్లాన్లు మూడు రోజుల షరతు పెట్టవు గానీ, ముందు అనుమతి అంటూ అక్కడ తిప్పుతాయి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. సరే, మన్రో. యాభై ఐదు దాటినవాళ్ళ కాలనీలు, ఒకే అంతస్తు, మంచు వాళ్ళే తీస్తారు, సాయంత్రం పేకాట. బావుంటుంది. మనవడు వేసవంతా ఉంటాడనుకుంటే మాత్రం సంతకం పెట్టేముందు రూల్సు పుస్తకం చదవండి, పిల్లలు ఇన్నాళ్ళే ఉండాలని చాలాచోట్ల లెక్కుంటుంది. ఫ్లోరిడా టవారెస్‌లో శాంతినికేతన్ అని మనవాళ్ళ రిటైర్మెంట్ కాలనీ ఉంది, మన తిండి, మన మనుషులు. పిల్లలు ఇక్కడ ఎడిసన్‌లో ఉంటే అది దూరం, అంతే.

ఇవన్నీ నడవగలిగినన్నాళ్ళు. స్నానం చేయించడానికి, బట్టలు తొడగడానికి రోజూ మనిషి కావాల్సొస్తే? ఆ ఒక్క పనికే అయితే మెడికేర్ ఇవ్వదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడుగుతారు. ఇవ్వదండీ! చేతిలో డబ్బు కరిగిపోయాక మెడికెయిడ్, అంటే లేనివాళ్ళకిచ్చే ప్రభుత్వ బీమా, చూస్తుంది. హైదరాబాద్ వెళ్ళిపోతాం అనేవాళ్ళు చెయ్యెత్తండి... అబ్బో! సోషల్ సెక్యూరిటీ పింఛను అక్కడికీ వస్తుంది, మెడికేర్ మాత్రం అక్కడ పనిచెయ్యదు.

ఇంకొక్క మాట చెప్పి దిగిపోతా. మాట్లాడలేని స్థితిలో మీ వైద్యం సంగతి ఎవరు నిర్ణయించాలో రాసిపెట్టే ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. న్యూజెర్సీలో నోటరీ లేకపోయినా ఇద్దరు సాక్షులుంటే చాలు. మీరు ఎవరి పేరు రాశారో వాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదు. అంచేత మొగుడూ పెళ్ళాలు ఒకరికొకరు సాక్షి సంతకాలు పెట్టేసుకోకుండా పక్క బల్ల వాళ్ళని పట్టుకోండి. నాదీ ఇంకా ఒక సంతకం తక్కువుంది. భోజనాలకి లేచేలోగా ఎవరొస్తారు?